ఎవరి శ్రావణం?

పోయిన నెల, ముసురు పట్టిన ఒక ఉదయం, లాల్‌ఖదాన్ నుంచి ఫోను వచ్చింది. "ఆంటీ, మమ్మీ నహీ రహీ," అన్నాడు సూదత్త కొడుకు. వాళ్ళమ్మ, మా సూదత్త, పోయింది. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. గ్యాసు కట్టేశాను, పొంగిన పాలు తుడిచాను, గిన్నె కడిగి బోర్లించాను. ఆ తర్వాతే కూలబడి ఏడ్చాను. నా తీరే అంత. కోపమైనా దుఃఖమైనా నాకు ఆలస్యంగా వస్తుంది, వచ్చాక తొందరగా పోదు. ఆవిడ మీద కోపం ఒకటి ఇరవై ఏళ్ళకు పైగా నాలో ఒక మూల మిగిలే ఉంది. అది ఎందుకొచ్చిందో, ఎలా పోయిందో చెప్పుకుందామనే ఇది రాస్తున్నాను.

సూదత్త మాకు చుట్టం కాదు. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మా పక్క క్వార్టర్. వాళ్ళాయన గూడ్సు గార్డు. ఆవిడ ఊళ్ళో ఒక చిన్న లేబ్‌లో రక్తం తీసే పని చేసేది. కాలనీ పిల్లలు పెట్టిన పేరే సూదత్త. పెద్దవాళ్ళం కూడా అలాగే పిలిచేవాళ్ళం, నేను మాత్రం ఎదురుపడితే మా వైపు అక్కను పిలిచినట్టు అప్పా అనేదాన్ని. నాకన్నా పన్నెండేళ్ళు పెద్ద.

ఆవిడ సూది పట్టుకునే ముందు రెండు అరచేతులూ రుద్దుకుని వెచ్చబరుచుకునేది. చల్లటి చెయ్యి తగిలితే మనిషి బిగుసుకుపోతుందని ఆవిడ నమ్మకం. జబ్బకు రబ్బరు కట్టి, "ఏటి కూర వండేవు?" అని అడిగేది. మనం వంకాయా బెండకాయా అని ఆలోచించేలోపు పని అయిపోయేది. "అచ్ఛా, లే," అనేది. కానీ లేవనిచ్చేది కాదు. దూది పెట్టి మనల్ని పట్టుకోమనకుండా తన బొటనవేలితోనే నొక్కి, పెదవులు కదుపుతూ లెక్కపెట్టి, రక్తం ఆగిందని నమ్మకం కుదిరాకే వేలు తీసేది. బయట ఎంత మంది కాచుకుని ఉన్నా ఆ లెక్క తగ్గేది కాదు.

వాళ్ళ తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి ఇక్కడికి పనికొచ్చారు. మూడు తరాలైనా ఇంట్లో ఏటి, నాను, ఒలే అనే మాటలు పోలేదు. కానీ బడి మొత్తం హిందీలో. ఆవిడకు తెలుగు ఒక్క అక్షరం రాదు. నేను బొబ్బిలి నుంచి కోడలిగా వచ్చినప్పుడు నాకు హిందీ ఒక్క ముక్క రాదు. బజారులో నా బదులు ఆవిడ బేరమాడేది, ఊరి నుంచి వచ్చిన ఉత్తరాలు ఆవిడకు నేను చదివి పెట్టేదాన్ని. ఇద్దరం కలిస్తే ఒక పూర్తి మనిషి అని మా అత్తగారు వెక్కిరించేవారు.

పెళ్ళయిన పదకొండేళ్ళకు నాకు కడుపు నిలిచింది. ముప్ఫై అయిదు దాటాయి కాబట్టి ఒక రక్తపరీక్ష చేయించుకోమంది డాక్టరమ్మ. బిడ్డకు డౌన్ సిండ్రోమ్ ఉండే అనుమానం ఎంతుందో అందులో తెలుస్తుందట. మామూలుగా ముందు స్కాన్ తీయాలి. ఆ స్కాన్ డాక్టరు సెలవులో ఉన్నాడని రక్తం ముందు ఇచ్చెయ్యమంది. నేనూ మా అత్తగారూ సూదత్త లేబ్‌కి వెళ్ళాం.

"రక్తంలో బిడ్డ కనిపిస్తాడా అప్పా?" అని అడిగాను.

"కనిపించడే. నీ రక్తంలో రెండు ప్రోటీన్లు తిరుగుతుంటాయి. ఒకటి బిడ్డ కాలేయంలో తయారవుతాది, రెండోది మాయలో. మొదటిది వారం వారం పెరుగుతాది, రెండోది ఈ నెలల్లో తగ్గుతా వస్తాది. వాటిని కొలిచి, ఇన్ని వారాల కడుపుకి ఇంతుండాల, ఉందా లేదా అని లెక్క కడతారు. అనుమానం ఎక్కువా తక్కువా అని చెప్తాది, అంతే. ఉంది, లేదు అని చెప్పదు."

అందుకే కాగితంలో ఒక గడి ముఖ్యం. కిందటిసారి బయట చేరిన మొదటి రోజు ఏదని. దాన్నిబట్టే వారాలు లెక్కేస్తారు. పదకొండేళ్ళు నెల నెలా ఆశపడి ఏడ్చినదాన్ని, ఏ నెలలో ఏ తేదీయో రాసిపెట్టుకోవడం ఎప్పుడో మానేశాను. తెల్లమొహం వేశాను.

"నాకు తెలుసు," అన్నారు మా అత్తగారు వెనక బల్ల మీద నుంచి. "శ్రావణ బహుళ తదియ. మా ఇంటాయన తద్దినం. పొద్దున్నే ఇది బయట చేరిపోయింది. వంటంతా నానొక్కర్తినే చేసుకున్నాను."

సూదత్త నవ్వి, గోడ మీది హిందీ పంచాంగం కాగితాలు వెనక్కి తిప్పింది. శ్రావణానికి సావన్, బహుళానికి కృష్ణ పక్షం, తదియకు తీజ్ అని వేలు పెట్టి వెతికి, ఆ తేదీని గడిలో రాసింది. నాకు కూర సంగతి అడిగింది. దూది నొక్కింది. ట్యూబుని ఐసు డబ్బాలో సర్ది, ముంబై లేబ్‌కి సాయంత్రం బండిలో పంపించింది.

పది రోజులకు రిపోర్టు వచ్చింది. అనుమానం ఎక్కువ అని ఎర్రక్షరాల్లో. పెరగాల్సిన ప్రోటీన్ బాగా తక్కువగా ఉంది, తగ్గాల్సింది చాలా ఎక్కువగా ఉంది. స్కాన్ డాక్టరు ఇంకా రాలేదని డాక్టరమ్మ పొట్ట నొక్కి చూసి, వారాలకు తగ్గ ఎదుగుదల కూడా లేదంది. ఖాయంగా తెలియాలంటే ఉమ్మనీరు తీసి చేసే పెద్ద పరీక్ష ఉంది, దాని ఫలితానికి వారాలు పడుతుంది. కాగితం ప్రకారం నాకు అప్పటికే ఇరవై వారాలు నిండబోతున్నాయి. ఆ రోజుల్లో చట్టం ఇచ్చిన గడువు అంతే. తీయించుకోవాలనుకుంటే నాలుగైదు రోజుల్లో తేల్చుకోండి అంది.

ఇంటికొచ్చాం. మా ఆయన లోకోషెడ్ డ్యూటీకి సెలవు పెట్టి, మంచం అంచున కూర్చున్నాడు. "మన తర్వాత ఆ బిడ్డను ఎవరు చూస్తారు?" అన్నాడు. చెడ్డవాడు కాదు, భయపడ్డాడు. నేనూ భయపడ్డాను. తీయించేద్దామా అని అడిగితే తల ఊపాను. పదకొండేళ్ళు కోరుకున్న బిడ్డ విషయంలో ఒక్క పూటలో తల ఊపాను. ఈ మాట ఇన్నేళ్ళలో ఎక్కడా రాయలేదు.

మర్నాడు పదింటికి సంచి సర్దుకుని కూర్చున్నాను. పదకొండుకి నర్సింగ్ హోముకి వెళ్ళాలి. సంగతి తెలిసి సూదత్త వచ్చింది. పక్కన కూర్చుని, చేతులు రుద్దుకుని నా చెయ్యి పట్టుకుంది. వాకిట్లో ఎండలో మా అత్తగారు మెంతికూర ఒలుస్తూ తనలో తాను గొణుక్కుంటున్నారు.

"ఆ తద్దినం నాడే అనుకున్నాను, ఏదో అరిష్టమని. అయిదు రోజులూ అయ్యి తలంటు పోసుకుంది, ఆ రోజు కృష్ణాష్టమి. గుమ్మం నుంచి దేవుడి దాకా ముగ్గుతో పాదాలేసింది పాపం. ఆయనైనా చూడలేదు."

నా చెయ్యి పట్టుకున్న చెయ్యి బిగిసింది.

"పెదమ్మా, ఏ అష్టమి అన్నావు?"

"కృష్ణాష్టమే. ఇంకేటి."

"తద్దినమైన అయిదో రోజుకా? సరిగ్గా చెప్పు."

"ఒలమ్మీ, నాకు తిథులు తెలీవేటి? శ్రావణ బహుళ తదియ తద్దినం, శ్రావణ బహుళ అష్టమి కృష్ణాష్టమి. మధ్యలో అయిదు రోజులు."

సూదత్త లేచి నిలబడింది. "ఆఠే కన్హయ్యా, కృష్ణాష్టమి, ఇక్కడ భాదోలో వస్తాది," అంది, మాతో కాదు, గోడతో. "భాదోలో. సావన్‌లో కాదు." చెప్పులు కూడా వేసుకోకుండా గేటు తీసుకుని వెళ్ళిపోయింది. మతి పోయిందేమో అనుకున్నాం.

అరగంటలో తిరిగొచ్చింది. ఒక చేతిలో నా కాగితం నకలు, ఇంకో చంకలో లేబ్ గోడ నుంచి ఊడబీక్కొచ్చిన పంచాంగం. నర్సింగ్ హోముకి బయలుదేరబోతున్న మమ్మల్ని గుమ్మంలో ఆపి, ముగ్గురి ముందూ చెప్పింది.

మనకు నెల అమావాస్యతో ముగుస్తుంది. ఇక్కడివాళ్ళకు పున్నమితో ముగుస్తుంది. అందుకని వెన్నెల పక్షంలో ఇద్దరి నెలకూ ఒకటే పేరు. చీకటి పక్షం వచ్చేసరికి వాళ్ళు తర్వాతి నెల పేరులోకి వెళ్ళిపోతారు, మనం పాత పేరులోనే ఉంటాం. మన శ్రావణ బహుళం వాళ్ళకు భాదో, అంటే భాద్రపదం. వాళ్ళ సావన్ కృష్ణ పక్షం మనకింకా ఆషాఢమే. మా అత్తగారు చెప్పింది మన శ్రావణం. సూదత్త వెతికింది వాళ్ళ సావన్. మాట మాటకూ సరిగ్గానే మార్చుకుంది, నెల మాత్రం పోయింది.

"ఒక నెల పెద్దది చేసి రాసేను కడుపుని. ఒకటో క్లాసు గుంటని మూడో క్లాసులో నిలబెట్టి, పొట్టిగా ఉందేటి అన్నట్టయింది. ఆ ప్రోటీన్లు సరిగ్గానే ఉండుంటాయి. రక్తం నిజమే చెప్తాది, మనం అడగడం తప్పు అడిగితే దాని తప్పా? తప్పు నాది. డాక్టరమ్మకి నానే చెప్తాను, పదండి."

మా ఆయన ఆ రోజు ఆవిడను అనరాని మాటలన్నాడు. ఆవిడ పంచాంగం చంకన పెట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి దారి తీసింది. నేను ఆయన్ని ఆపలేదు.

సెలవు నుంచి వచ్చిన స్కాన్ డాక్టరు దగ్గర బిడ్డను కొలిస్తే పదహారు వారాలు కూడా నిండలేదు. సూదత్త తన తప్పు లేబ్ యజమానికి చెప్పి, ముంబైకి ఫోను చేసి, కొత్త తేదీ ఇచ్చింది. అదే రక్తం, అవే అంకెలు, తేదీ ఒక్కటే మారింది. అనుమానం తక్కువ అని వచ్చింది. డాక్టరమ్మ అయినా నమ్మకానికి మరో ట్యూబు పంపమంది. ఆ రెండోసారి సూదత్త నన్ను కూర సంగతి అడగలేదు. రబ్బరు కట్టి, నా మొహంలోకి చూసి ఇలా అంది.

"ఈసారి ఏటొస్తాదో నాకు తెలీదు. ఎక్కువొచ్చినా ఇప్పుడు టైముంది, పెద్ద పరీక్షుంది, ఆలోచించుకోడానికి నువ్వున్నావు. ఎలాటి గుంట పుట్టినా నాను పక్క క్వార్టర్‌లోనే ఉంటాను. అది మాత్రం రాసి పెట్టుకో."

రెండోసారీ తక్కువే వచ్చింది. ఎండాకాలంలో నాకు ఆడపిల్ల పుట్టింది.

ఇక్కడితో అంతా బాగుపడిందని చెప్పాలని ఉంది, కానీ నేను అంత మంచిదాన్ని కాదు. ఏడాది పాటు ఆవిడతో ముఖం ఇచ్చి మాట్లాడలేదు. ఎదురొస్తే నవ్వేదాన్ని, ఆ నవ్వు ఎలాంటిదో ఇద్దరికీ తెలుసు. పాప నిద్రపోతుంటే దాని చేతివేళ్ళు చూస్తూ ఒకటే అనుకునేదాన్ని. అంత జాగ్రత్త మనిషి అలా ఎలా రాసింది?

పాప పాకుతున్న రోజుల్లో, కొత్త సంవత్సరం వచ్చిన వారానికి, ఆవిడ న్యూస్‌పేపరులో చుట్టిన గొట్టం ఒకటి పట్టుకుని మా ఇంటికొచ్చింది. విప్పితే తెలుగు క్యాలెండరు. ఎవరో ఊరెళ్తుంటే చెప్పి తెప్పించుకుందట. నా ముందు పరిచి, "ఇది చదవడం నేర్పు," అంది. నలభై తొమ్మిదేళ్ళ మనిషి. పాప పక్కన చాప పరిచాను.

అ ఆలు వద్దంది. తనకు కావలసింది నెలల పేర్లూ తిథుల పేర్లే. అందుకని బహుళ అనే మాటతో మొదలుపెట్టాం. "బ, హు, ళ," అని బొటనవేలు అక్షరం మీద నొక్కిపెట్టి చదివేది. ళ దగ్గర నాలుక మడవలేక తంటాలు పడితే పాప పకపకా నవ్వేది. విదియకూ తదియకూ తేడా పట్టుబడడానికి వారం పట్టింది. ఒక చలికాలమంతా మధ్యాహ్నాలు అలాగే గడిచాయి. నా కోపం చాలావరకు ఆ చాప మీదే కరిగింది. ముప్ఫై మాటలు వచ్చాక, "చాలు, ఇంక నాను పండితురాలిని," అని క్యాలెండరు చుట్టుకుని వెళ్ళిపోయింది. ఆ ముప్ఫై మాటలు తప్ప తెలుగులో ఇంకేదీ ఆవిడ చివరిదాకా చదవలేదు.

అప్పటినుంచి లేబ్‌లో ఆవిడ బల్ల వెనక రెండు మేకులు, రెండు క్యాలెండర్లు. వచ్చిన ఏ ఆడమనిషి నోట తిథి విన్నా కలం ఆపి ఒకటే అడిగేది, "ఎవరి శ్రావణం?" హిందీవాళ్ళనైతే, "కిస్‌కా సావన్?" శ్రావణంలో కూడా నీదీ నాదీ ఉంటాయా అని వాళ్ళు నవ్వేవాళ్ళు. స్కాన్లు పెరిగి, తిథులు చెప్పేవాళ్ళే కరువైపోయిన రోజుల్లో కూడా ఆ ప్రశ్న మానలేదు.

నాకిచ్చిన మాట ఊరికే అన్నది కాదని మరొకచోట చూశాను. కుదుదండ్ నుంచి వచ్చిన ఒకామెకు అన్ని తేదీలూ సరిగ్గానే ఉన్నాయి, పెద్ద పరీక్షలో డౌన్ సిండ్రోమ్ అని ఖాయంగా తేలింది. ఆమె బిడ్డను కంటానంది, కంది. సూదత్త ఆ ఇంటికి ఆదివారాలు వెళ్ళి కూర్చునేది. ఎందుకని నేనడిగితే, "ఆ గుంటకి నానంటే ఇష్టం," అంది, అంతే. ఇప్పుడా అమ్మాయి పెద్దదైంది. ఆవిడ కనిపిస్తే చాలు, చెయ్యి చాపి "సూయీ?" అని నవ్వేది.

ఒకసారి, ఉండబట్టలేక, చెప్పేశాను. "అప్పా, ఆ రోజు నేను సరేనన్నాను. తల ఊపాను."

"తెలుసు," అంది, చిక్కుడుకాయ ఈనెలు తీస్తూ. "నాను రాసిన తప్పు తేదీ చూసి ఊపేవు. అది నా లెక్కలో రాసుకున్నాను, నువ్వు మోయకు."

ఆవిడ నన్ను అంత తేలిగ్గా వదిలేసింది. నేను మాత్రం ఆవిడను పూర్తిగా వదల్లేదు. మా ఆయన రిటైరై మేము లింగియాడీహ్‌లో ఇల్లు కట్టుకున్నాక, వాళ్ళు లాల్‌ఖదాన్‌కి మారిపోయాక, పండగలకూ పబ్బాలకూ కలిసి నవ్వుకున్నాక కూడా, ఎప్పుడైనా మా అమ్మాయికి జ్వరమొచ్చి నుదురు కాలుతుంటే ఆ పాత ప్రశ్న చిన్న ముల్లులా తగిలేది. అలా ఎలా రాసింది?

ఆవిడ పోయిన పదకొండో రోజున మా ఆయనా, నేనూ, మా అమ్మాయీ లాల్‌ఖదాన్ వెళ్ళాం. అమావాస్యకు వచ్చే హరేలీ పండగకు వీధి గుమ్మాలకు గుచ్చిన వేపరెమ్మలు అప్పటికి వాడి వేలాడుతున్నాయి. కార్యక్రమం అయ్యాక సూదత్త కొడుకు ఒక పాత నోటుపుస్తకం తెచ్చాడు. వాళ్ళ తాతగారి నాటిది, ఇంట్లో పోయినవాళ్ళ తిథులన్నీ తెలుగులో వరసగా రాసి ఉన్నాయి. కుర్రవాడికి తెలుగు రాయడం రాదు. ఫోనులో పంచాంగం చూసి, "ఆంటీ, ఇందులో మమ్మీది కూడా రాసెయ్యండి. సావన్, కృష్ణ పక్ష్, దశమి," అన్నాడు.

అద్దాలు తుడుచుకుని కలం తీసుకున్నాను. ఆవిడ పేరు రాయడానికే చాలాసేపు పట్టింది. దాని పక్కన గుండ్రంగా, జాగ్రత్తగా రాశాను. శ్రావణ బహుళ దశమి.

మా అమ్మాయి నా భుజం మీద నుంచి చూస్తోంది. దానికి మాట్లాడే తెలుగు సగం, చదివే తెలుగు ముప్ఫై మాటలు. ఆ ముప్ఫై కూడా చిన్నప్పుడు సూదత్త ఒళ్ళో కూర్చుని క్యాలెండరు మీద నేర్చుకున్నవే. వంగి, మెల్లగా కూడబలుక్కుని, "మమ్మీ, ఎవరి శ్రావణం?" అంది.

కలం కాగితం మీదే ఆగిపోయింది. వాడు చెప్పింది ఇక్కడివాళ్ళ సావన్. ఆ రోజుకి మనకింకా ఆషాఢమే. బడిలో తెలుగు చదువుకున్నదాన్ని, ఆవిడకు ఆ మాటలు నేర్పినదాన్ని, ఈ తేడా వల్లే బిడ్డను పోగొట్టుకోబోయినదాన్ని, మాట మాటకూ సరిగ్గా మార్చి నెల మొత్తం తప్పు రాశాను. ఏ నిర్లక్ష్యమూ లేదు. మనసు పెట్టే రాశాను. అలా ఎలా రాసింది అని ఇరవై ఏళ్ళు అడిగిన ప్రశ్నకు జవాబు నా చేతిరాతలో నా ముందుంది.

ఆ ప్రశ్న తన కోసమే పుట్టిందని మా అమ్మాయికి ఇంతవరకూ తెలియదు. ఇది అచ్చులో వచ్చినా అది చదవలేదు. నేనే పక్కన కూర్చోబెట్టుకుని చదివి వినిపించాలి, నేను తల ఊపిన చోటుతో సహా.

"చూసి చెప్పు," అన్నాను. ఇక్కడ సూదత్త గదిలో గోడకు కూడా రెండు మేకులు, రెండు క్యాలెండర్లు. అది తెలుగు క్యాలెండరు దగ్గరకు వెళ్ళి, నెల మారాక ఎవరూ ముట్టుకోని కాగితాన్ని సర్దుకుని, ఆవిడ పోయిన రోజు గడి వెతికింది. "ఆ, షా, ఢ. బ, హు, ళ," అని చదివింది. నేను శ్రావణ కొట్టేసి పైన ఆషాఢ అని రాస్తున్నంతసేపూ, ఆ గడి మీద బొటనవేలు నొక్కిపెట్టి, పెదవులు కదుపుతూ అలాగే నిలబడింది.